మగ్గం లేని శనివారం

"ఏ చెయ్యి?" అని అడిగాడు వెంకటసుబ్బారావు.

ఎడమ చెయ్యి అన్నాను.

"నిదానంగా ఆలోచించి చెప్పు, మరియదాసూ."

ఆలోచించడానికేముంది, కట్టు కట్టింది నేనే. అయినా ఆయన అట్లా అడిగేసరికి నా మీద నాకే అనుమానం వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాను. పొద్దున ఆ మనిషి నాకు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. తోలు లేచిపోయిన చెయ్యి నాకు ఎడమవైపున ఉంది. ఎదుటివాడికి నా ఎడమ కుడి అవుతుంది గదా. పన్నెండేళ్ళుగా కాంపౌండరు పని చేస్తున్నవాడికి ఇది కూడా తెలియదా అని మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు నాకు తెలిసిన సంగతులు కూడా తెలియకుండా పోయాయి.

"కుడి చెయ్యండీ" అన్నాను.

ఇన్‌స్పెక్టరు జక్కయ్య పకపకా నవ్వాడు. కుడి ఎడమలు తెలియని సాక్షి దొరికాడు, ఇక కేసు తేలినట్టేనన్నాడు. ఆయన మందుల బీరువాకు భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. నేను రెండుసార్లు కుర్చీ చూపించాను, వద్దన్నాడు. బుధవారంనాడు చలిజ్వరానికి నేను తుంటి మీద వేసిన క్వినైను సూది వాపు ఇంకా తీయలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

సంగతి మొదటినుంచి చెబుతాను. వన్ టౌనులో మా డాక్టరుగారి మందులషాపు పొద్దున ఆరున్నరకే తెరుస్తాను. ఆ శనివారం డాక్టరుగారు పని మీద గుడివాడ వెళ్ళారు. ఏడూ అయిదుకు గుమ్మం ముందు ఒక నల్ల కారు ఆగింది. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు రెండు తిప్పే రామకోటేశ్వరరావుగారు ఒక మనిషిని భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ఆ వెనకాలే ఎవరో సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. తను కారు తలుపు తెరవడం, సైకిలు వచ్చి గుద్దుకోవడం ఒక్కసారే జరిగాయని, తప్పు తనదేనని రావుగారు ఒప్పుకున్నారు. అంత పెద్దమనిషి అంత వినయంగా మాట్లాడితే నాకు ముచ్చటేసింది.

దెబ్బ తిన్నవాడి పేరు ఆదిశేషయ్య. నలభై ఏళ్ళుంటాయి, మగ్గాల వీధిలో నేతపని. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది, మోకాలు గీరుకుంది. తల తడిగా ఉంది. పడినవాడి నెత్తిన నీళ్ళు కొట్టడం మనవాళ్ళకు అలవాటే గదా అనుకుని దాన్ని పట్టించుకోలేదు. టింక్చరు పూసి కట్టు కట్టాను. ఇదెవరి షాపండీ అని మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ చెప్పాను. ఇవాళ మగ్గం లేదండి అని రెండుసార్లు అన్నాడు. నేతగాడికి మగ్గం లేకపోవడమేమిటి, అదిరిపడి ఏదో మాట్లాడుతున్నాడనుకున్నాను. ఎట్లా ఉందయ్యా అంటే బాగానే ఉందండి అని లేచాడు. ఏడున్నరకు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకు ఇంట్లో రెండుసార్లు వాంతి చేసుకుని పడిపోయాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోతే, ఎడమ చెవికి పైన జుట్టు కింద కోడిగుడ్డంత ఉబ్బు ఉందన్నారు. అప్పటినుంచి కళ్ళు తెరవలేదు. నేను పొద్దున జుట్టులో ఒక్కసారి వేళ్ళు పెట్టి తడిమి ఉంటే ఆ ఉబ్బు నా చేతికే తగిలేది.

"అతను పోతే నేను రాసేది కారాయన మీద కాదు" అన్నాడు పన్నెండింటికి షాపుకొచ్చిన జక్కయ్య. "ఆయన మనిషిలాగా తెచ్చి మందులషాపులో దిగబెట్టాడు. చూడకుండా పంపించింది నువ్వు. నీ మీద రాస్తాను."

జైలు భయం నాకు లేదని బొంకను. కాని దానికన్నా ఆ మూడుసార్లు అడిగిన ప్రశ్న నా చెవుల్లో ఎక్కువ తిరుగుతోంది. అందుకే మధ్యాహ్నం ఏడుపు మొహంతో వెంకటసుబ్బారావు దగ్గరికి పరుగెత్తాను.

ఆయన గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మద్రాసులో ఒక మోటారు ఇన్సూరెన్సు కంపెనీలో పదకొండేళ్ళు పనిచేశాడు. కారు ఎక్కడ సొట్టపడిందో చూసి, అబద్ధం ఎవరు చెబుతున్నారో తేల్చడం ఆయన పని. అది మానుకుని బెజవాడ వచ్చి ప్రైవేటు డిటెక్టివునని బోర్డు కట్టాడు. కొలత టేపు జేబులో లేకుండా గడప దాటడు. మూడు వారాల క్రితం ఏలూరు రోడ్డులో మా బడి మాస్టారు శౌరయ్యగారిని ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. మాస్టారు అక్కడే పోయాడు. ఏ కారో తెలియలేదని పోలీసులు కాగితాలు కట్టేశారు, వెంకటసుబ్బారావు కట్టలేదు. చూసినవాళ్ళుంటే వచ్చి చెప్పమని బజారులో గోడలకు అంటించాడు.

సోమవారం ఒక కార్డు వచ్చింది. కింద పేరు లేదు. 'ఆ కారును చూసిన సైకిలు మనిషిని. శనివారం నాకు తీరిక. తెల్లవారి కృష్ణలో స్నానం చేసి, అట్నించి అటే ఏడు గంటలకు మీ దగ్గరికి వస్తాను' అని ఉంది. ఆయన చదివి నాకిచ్చాడు, నేనూ చదివాను. శనివారం ఏడు దాటింది, ఎనిమిది దాటింది, ఎవరూ రాలేదు. నేను వెళ్ళి సంగతి చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. ఆ నేతగాడు ఎటునుంచి వస్తూ పడ్డాడని అడిగాడు. బజారు వైపునుంచి అని రావుగారు చెప్పారన్నాను. అయితే వీడు ఆ కార్డు మనిషి కాడేమోనని ఆయనా సందేహంలో పడ్డాడు. కార్డు సంగతి ఇన్‌స్పెక్టరు ముందు ఎత్తవద్దని మాత్రం దారిలోనే నాకు గట్టిగా చెప్పాడు.

ఇప్పుడు షాపులో ఆయన బల్ల అంచున కూర్చుని, అట్లా పడ్డవాడికి తరవాత ఏమేం చెయ్యాలో చెప్పమన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. గబుక్కున లేపి నిలబెట్టకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళలోకి దీపం చూపించి, రెండు పాపలూ ఒక్కలాగే ముడుచుకుంటున్నాయో లేదో చూడాలి. అడిగిందే అడుగుతుంటే తలకు తగిలిందని అర్థం, బాగానే ఉందని అతనే చెప్పినా నమ్మకూడదు. ఒంటరిగా పంపకూడదు. వాంతయినా మగత కమ్మినా ఆ క్షణమే ఆసుపత్రికి తేవాలని ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు, ఒక్కటీ చెయ్యలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

"ఇంకొకటండీ, మగతలో ఉన్నవాడి నోట్లో ఏమీ పొయ్యకూడదు. పాలుగాని నీళ్ళుగాని కడుపులోకి దిగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి మన చేతుల్లోనే పోతాడు. దేనివల్ల పోయాడో ఏ డాక్టరూ చెప్పలేడు" అన్నాను.

"ఎంత పోస్తే?" అని అడిగాడు జక్కయ్య.

నాలుగు చెంచాలు చాలన్నాను. ఆయన తల పంకించి, ఆసుపత్రిలో మంచం దగ్గర కాపలా ఉన్న తన కానిస్టేబులుకు చెబుతానన్నాడు. అంత శ్రద్ధగా విన్నందుకు నాకు ఆయన మీద కోపం కాస్త తగ్గింది.

మూడు గంటలకు ముగ్గురమూ ఆ చోటికి వెళ్ళాం. బజారునుంచి కాలవ వంతెన మీదుగా స్నానాల రేవుకు పోయే రోడ్డు అది. రెండు ఎడ్లబళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు. అక్కడ ఎడమచేతి పక్కన మగ్గాల వీధి చీలుతుంది. ఇన్‌స్పెక్టరు ముందే కబురు పెట్టాడేమో, రావుగారు కారును పొద్దున ఉన్నట్టే నిలబెట్టి ఉంచారు. ముక్కు రేవు వైపు, వెనక భాగం బజారు వైపు, ఎడమ చక్రాలు మురుగుకాలవ అంచున. నంబరు రాసుకోమని వెంకటసుబ్బారావు నా చెవిలో అంటే, చీటీ మీద రాసుకున్నాను. 2117.

రావుగారు పొద్దున చెప్పిందే మళ్ళీ చెప్పారు. ఆయనది మైలవరం దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇంట్లో పెళ్ళికి పైపంచలు నేయిద్దామని మగ్గాల వీధికి బయలుదేరారట.

"వీధిలోకి తిప్పుదామంటే వీధి పొడుగునా పడుగు పరిచి ఉందండి. గంజి కొడుతున్నారు. దాని మీదుగా కారు పోనిస్తే ఆ నేతవాళ్ళు ఊరుకుంటారా? అందుకని ఇక్కడే ఆపాను. దిగుదామని తలుపు తెరిచాను, వెనకనుంచి సైకిలు వచ్చి కొట్టుకుంది. గంట కూడా కొట్టలేదండి."

ఇందులో నాకు వంక కనిపించలేదు. నూలు పోగులను వీధి పొడుగునా చాపి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించడం ఆ వీధిలో రోజూ చూస్తున్నదే. ఆ వేళలో మనిషి కూడా గోడనంటుకుని నడవాలి. టైము కూడా సరిపోయింది. ఆరూ నలభైకి దెబ్బ తగిలిందని, పావుగంట అక్కడ నీడన కూర్చోబెట్టానని ఆయన అన్నారు.

వెంకటసుబ్బారావు ఆయన మాటలు విన్నాడో లేదో తెలియదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మామూలు కార్ల తలుపుకు బందులు ముందువైపు ఉంటాయి, పిడి వెనకవైపు ఉంటుంది. ఈ కారుకు తిరగేసి ఉంది. బందులు వెనక, పిడి ముందు. తలుపు తెరిస్తే ముందు అంచు బయటికి వస్తుంది.

"తగిలినప్పుడు తలుపు మూసుకుపోయిందా, ఇంకా తెరుచుకుందా?" అని అడిగాడు.

"మూసుకుపోయిందండి." రావుగారి చూపు తలుపు లోపల వేలాడుతున్న తోలుపట్టీ మీద పడింది. తలుపు మరీ బార్లా పోకుండా పట్టి ఉంచే పట్టీ అది, తెగి ఉంది. "కాదు, తెరుచుకుంది. ఆ కంగారులో ఎవరు చూశారు లెండి."

మూసుకుపోవడానికీ తెరుచుకోవడానికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. నా మొహం చూసి వెంకటసుబ్బారావు తలుపు సగం తెరిచి, కారు వెనక్కు పది అడుగులు పోయి, అక్కడినుంచి నడిచి వచ్చి అరచేత్తో తలుపును తోశాడు. ధడాలున మూసుకుంది. మళ్ళీ సగం తెరిచి, ఈసారి రేవు వైపు పోయి ఎదురుగా వచ్చి తోశాడు. తలుపు కిర్రుమంటూ బార్లా వెనక్కు పోయింది. తెగిన పట్టీ అటూ ఇటూ ఊగింది.

టేపు తీసి తలుపు లోపలి అంచున నల్లటి రబ్బరు మరక ఎంత ఎత్తున ఉందో కొలిచాడు. ముప్పై ఎనిమిదిన్నర అంగుళాలు. మరక ఉన్నది లోపలివైపు, రేవు వైపుకు తిరిగే వైపు. బయటివైపు రంగు మీద ఒక్క గీత లేదు.

"ఇతను వెనకనుంచి రాలేదు. ఎదురుగా వచ్చాడు. కారు అతనికి కుడిపక్కన పడింది, అందుకే కుడిచెయ్యి" అని నాతో అన్నాడు. తరవాత రావుగారి వైపు తిరిగాడు. "పిడి ముందువైపు ఉంది. దాన్ని పట్టుకునేటప్పుడు మీ చూపు ముందుకే ఉంటుంది గదండీ. ఎదురుగా వచ్చే మనిషి కనపడలేదా?"

రావుగారు కండువాతో మెడ తుడుచుకున్నారు. సమాధానం జక్కయ్య చెప్పాడు.

"ఎదురొచ్చాడో వెనకొచ్చాడో, కొట్టుకున్నాడు. పట్టీ పాతబడి తెగింది. ఆయన ఏదో ఆలోచిస్తూ తీశాడు. మీ ఇన్సూరెన్సు కంపెనీ విద్యలు నా దగ్గర కాదు సుబ్బారావుగారూ."

"పట్టీ తెగిన చోట తోలు తెల్లగా ఉందండి. ఇవాళ తెగింది."

"నేను మీకు లైసెన్సు ఇవ్వలేదు, మర్యాద ఇస్తున్నాను. అది పోగొట్టుకోకండి." జక్కయ్య గొంతు పెంచలేదు. "ఆ నేతగాడు నోరు విప్పితే మొదటి వాంగ్మూలం నాది. నేను చెప్పేదాకా అతని మంచం దగ్గరికి మీరుగాని ఈ కాంపౌండరుగాని వచ్చారో, ఇద్దర్నీ లోపల వేస్తాను."

రావుగారి కారులోనే ఆసుపత్రికి పోతానని ఎక్కాడు. సీటులో ఒక పక్కకు ఒరిగి, ఎడమ తుంటి ఆనించకుండా కూర్చున్నాడు. అప్పుడు మూడూ ఇరవై అయింది. కారు పోయాక నేను, చూసీ తలుపు తీశాడంటే కావాలని తీశాడనే గదా అని అడిగాను. ఎందుకు తీశాడో తెలిస్తే చెబుతానని వెంకటసుబ్బారావు అన్నాడు. రావుగారికీ ఆ నేతగాడికీ ఏ సంబంధమూ లేదు. పైగా పడ్డవాణ్ణి ఎత్తుకొచ్చింది ఆయనే. నా బుర్రకు ఏ ముక్కా మరో ముక్కతో అతకలేదు.

మగ్గాల వీధిలోకి నడిచాం. వీధి బోసిగా ఉంది. ఏ ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు. అరుగుల మీద మగవాళ్ళు పులిజూదం ఆడుకుంటున్నారు. పడుగు చాపే గుంజలు గోడకు చేర్చి ఉన్నాయి. వెంకటసుబ్బారావు వంగి నేల మీద మట్టి చేత్తో తీసి చూశాడు, వాసన చూశాడు. గంజి చుక్క పడ్డ గుర్తు ఎక్కడా లేదన్నాడు.

ఆదిశేషయ్య పక్కింటి అరుగు మీద వెంకటప్పయ్య అని ఒక ముసలి నేతగాడు కూర్చుని ఉన్నాడు. పొద్దున పడుగు ఎన్నింటికి ఎత్తేశారు తాతా అని అడిగాను. నన్ను వింతగా చూశాడు.

"ఇవాళ పడుగేంది నాయనా? అమావాస్య గదా. అమావాస్యనాడు మేం మగ్గం గుంటలో కాలు పెట్టం, పడుగు చాపం. మా తాతలనాటినుంచీ అంతే. ఈ వీధిలో పుట్టినోడు ఎవుడైనా చెబుతాడు."

పొద్దున ఆదిశేషయ్య నాకు చెప్పింది అదే. ఇవాళ మగ్గం లేదండి. దెబ్బ తిన్న తలలోంచి వచ్చిన ఒకే ఒక్క నిజాన్ని నేను పిచ్చిమాట అనుకున్నాను. మంచి బట్టలు వేసుకుని మర్యాదగా నిలబడిన మనిషి అల్లిన పడుగును నమ్మాను. నేను చర్చికి పోయేవాణ్ణి, అమావాస్య ఎప్పుడో పౌర్ణమి ఎప్పుడో నాకు పట్టదు. మైలవరం రావుగారికి నేతవాళ్ళ ఆచారం తెలియదు. రోజూ కనిపించే పడుగు ఇవాళ కూడా ఉంటుందిలే అనుకుని కథ కట్టాడు.

"అంటే ఇక్కడ కారు ఆగడానికి కారణం లేదు" అన్నాడు వెంకటసుబ్బారావు. "ఎవరికోసమో కాచుకుని ఉన్నాడు."

ఆదిశేషయ్య సైకిలు ఇంటి గోడకు ఆనించి ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు పాపం మంచికనే దాని చక్రం సరిచేసి, మట్టి తుడిచి పెట్టారు. కాని కుడివైపు బ్రేకు కడ్డీ వెనక్కు వంగే ఉంది, రబ్బరు పిడి చినిగే ఉంది. టేపు పెడితే ముప్పై ఎనిమిదిన్నర. క్యారియర్‌కు కట్టిన గుడ్డల మూటను ఎవరూ ముట్టుకోలేదు. విప్పితే ఒక ధోవతి, తువాలు. పిండి మెలిపెట్టినవి మెలిపెట్టినట్టే, లోపల ఇంకా చెమ్మగా ఉన్నాయి. మడత విప్పగానే సన్నటి కృష్ణ ఇసుక నా అరచేతిలోకి జారింది.

స్నానం చేసి వస్తున్నాడు. రేవునుంచి, కారుకు ఎదురుగా. శనివారం, అంటే అమావాస్య, మగ్గం లేని రోజు. నాకు తీరిక అని కార్డులో ఉన్నది అందుకే.

వెంకటసుబ్బారావు ఆ గుడ్డలు తీసి అరుగు మీద పెట్టాడు. ఈ మధ్య ఆదిశేషయ్య ఏ కారు సంగతయినా ఎత్తాడా అని ముసలాయన్ని అడిగాడు.

"కారు సంగతి తెలవదు గాని, మూడు వారాలుగా మగ్గం మీద నాడె అటూ ఇటూ విసిరినప్పుడల్లా ఏయో అంకెలు చదువుతుండాడు. గోడ అవతలే గదా నా మగ్గం. రెండూ ఒకటీ ఒకటీ ఏడూ, రెండూ ఒకటీ ఒకటీ ఏడూ. అక్షరాలు రావు వాడికి, కార్డు ముక్కయినా ఎవురిచేతో రాయించుకోవాల, అంకెలొచ్చు. మరిచిపోతానేమోనని చదువుకుంటన్నా మామా అన్నాడు. పిచ్చి పట్టిందేమో అనుకున్నాం."

నా జేబులో చీటీ తియ్యక్కర్లేకపోయింది. శౌరయ్య మాస్టారిని చంపిన కారు పక్కనే ఇందాక నేను నిలబడ్డాను. ఆ రోజు కారు నడిపిన రావుగారు వెనక్కు తిరిగి చూసినప్పుడు సైకిలు మీద ఉన్న మొహం గుర్తుపెట్టుకుని ఉంటాడు. పేరు తెలియదు, ఇల్లు తెలియదు. మొహం మాత్రం తెలుసు.

"మొహం తెలిస్తే చాలదు" అన్నాడు వెంకటసుబ్బారావు. "ఇవాళ, ఆ వేళకు, ఆ దారినే వస్తాడని తెలియాలి. అది కార్డులో తప్ప ఎక్కడా లేదు. కార్డు నా పెట్టెలో ఉంది. చదివింది నేను, నువ్వు."

నేను ఎవరికీ చూపించలేదన్నాను. నిజంగానే చూపించలేదు.

"చూపించావా అని అడగలేదు, మరియదాసూ. ఎవరితోనన్నా అన్నావా?"

సూది వేసేటప్పుడు మాట్లాడుతూ ఉండటం నా అలవాటు. రోగి ధ్యాస మాటల మీదికి పోతే కండ బిగపట్టడు, సూది సుఖంగా దిగుతుంది. పెళ్ళిళ్ళ కబుర్లో, బస్సుల కబుర్లో, నోటికి వచ్చింది చెబుతాను. నా చెయ్యి మంచిదని వన్ టౌనులో పేరు రావడానికి సగం కారణం నా నోరే. బుధవారం వేసింది క్వినైను. అది మంట పుట్టించే మందు, మెల్లగా ఎక్కించాలి, ఎక్కువసేపు మాట్లాడాలి. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషికి పోలీసు కబుర్లయితే ఇష్టంగా ఉంటాయని, శౌరయ్య మాస్టారి కేసులో సాక్షి దొరికాడండీ అని మొదలుపెట్టాను. శనివారం పొద్దున రేవులో స్నానం చేసి సైకిలు మీద వస్తాడటండీ అని, సూది తీసి దూది అద్దేటప్పటికి పూర్తిచేశాను. ఆయన ఊఁ కొట్టాడు.

తడబడుతూ బుధవారం అన్నాను, సూది అన్నాను. ఇక చెప్పనక్కర్లేకపోయింది. షాపులో కుర్చీ వద్దని నిలబడ్డ మనిషి ఇద్దరికీ ఒక్కసారే కళ్ళముందుకు వచ్చాడు. వెంకటసుబ్బారావు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడే వీధి మొదట్లోంచి ఒక ఆడమనిషి గబగబా నడిచి వస్తూ కనిపించింది. ఆదిశేషయ్య భార్య చౌడేశ్వరమ్మ. పొద్దుటినుంచీ ఆసుపత్రి మంచం వదలని మనిషి. మనిషి పోయాడేమో అనుకున్నాను. కాని ఆమె మొహంలో ఏడుపు లేదు, కొంచెం వెలుగు కూడా ఉంది.

"చెయ్యి కదిలిచ్చాడు బాబుగారూ" అంది నన్ను చూడగానే. "నా పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ మగత కమ్మింది గాని, పిలిచాడు."

మరి ఆయన్ని వదిలేసి ఎందుకు వచ్చావమ్మా అని వెంకటసుబ్బారావు అడిగాడు.

"ఇనస్పెక్టరుగారే పొమ్మన్నాడండి. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళన్నా ముట్టలేదు, ఇంటికెళ్ళి ఇంత తిని ఉతికిన గుడ్డలు తీసుకురా అన్నాడు. వాళ్ళ కానిస్టేబులు పక్కనే ఉన్నాడు. రావుగారు గంపెడు కొబ్బరిబోండాలు తెచ్చారు, దేవుడులాంటి మనిషి. ఒంటికి చలవ చేస్తది, చెంచాతో మెల్లగా మేం తాగిస్తాంలే అన్నాడు ఇనస్పెక్టరుగారు."

ఎంతసేపయిందని అడిగాడు వెంకటసుబ్బారావు. ఆమె నడిచి వచ్చినంతసేపు అంది. ఆయన అప్పటికే గోడకు ఆనించిన సైకిలు లాగి ఎక్కాడు. కడ్డీ వంగడంతో బ్రేకు రబ్బరు చక్రానికి రాసుకుని చప్పుడు చేస్తోంది. నేను వెనకాల క్యారియర్ మీదికి ఎగిరి కూర్చున్నాను. చౌడేశ్వరమ్మ ఏమైందండీ, ఏమైందండీ అని వెనకాలే పరుగెత్తుకొస్తోంది.

నేను ఆమెకు జవాబు చెప్పలేదు. ఆ రోజుకు నేను చెప్పాల్సినదానికన్నా ఎక్కువే చెప్పాను. నాలుగు చెంచాలు చాలని జక్కయ్యకు చెప్పింది కూడా నేనే.